దిగుడు మావయ్య

దిగుడు మావయ్యకు ఉన్న అలవాటు ఒక్కటే. సైకిలు దిగడం.

లోకంలో అందరూ ఎక్కడానికి సైకిలు కొనుక్కుంటే, ఆయన దిగడానికి కొనుక్కున్నాడని వీధిలో వాళ్ళంటారు. నీళ్ళ మడుగు కనిపిస్తే దిగుతాడు. మలుపు వస్తే దిగుతాడు. దారిలో కుక్క పడుకుని ఉంటే దిగుతాడు. అది లేచి వెళ్ళిపోతే, ఎందుకు లేచిందో చూడడానికి మళ్ళీ దిగుతాడు. దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, మెడ ముందుకు చాచి, ఆ మడుగునో మలుపునో కాసేపు పరీక్షగా చూసి, "అనుమానంగా ఉంది. నడిపించుకుపోదాం" అంటాడు. అనుమానంగా లేనిది ఏదైనా ఆయన కంట పడిందా అంటే, ఇంతవరకూ లేదు.

ఆయన లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు చెడిపోయిందని పిలిస్తే ముందు దాని అడుగున ఉండే గుంటలోకి టార్చిలైటు పట్టుకుని దిగుతాడు. "పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది? దిగి చూడాలి" అంటాడు. ఒకసారి ఏడో అంతస్తులో ఒక ముసలావిడ లిఫ్టు తలుపు ముందు నిలబడి ఉంది. అంతకు ముందు వారమే ఆవిడ అందులో గంటసేపు ఇరుక్కుపోయింది. మావయ్య ఆ లిఫ్టును అప్పుడే బాగుచేసి, పైకీ కిందికీ నాలుగుసార్లు తిప్పి చూశాడు. అయినా ఆవిడని చూడగానే, "ఇంకా అనుమానంగా ఉందమ్మా, మెట్లు దిగి చూద్దాం పదండి" అని ఏడంతస్తులూ నడిపించాడు. సంచీ మోస్తూ వెనకాలే దిగిన మేనకోడలికి అప్పుడు వచ్చింది నవ్వే. బాగుచేసినవాడికే నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటుంది!

అందరికంటే ఎక్కువ బాధితురాలు అత్త. "పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. ఈయన సైకిలు వెనక కూచున్నానన్న మాటేగానీ ఊరంతా నడిచే తిరిగాను" అంటుంది. "మార్కెట్టు పది నిమిషాల దారి. ఈయనతో వెళితే ముప్పావు గంట. టమాటాలు దారిలోనే మగ్గిపోతాయి."

మావయ్య నవ్వుతాడు. అంతలో ఏదో అనుమానంగా కనిపిస్తుంది. దిగుతాడు.

అలాంటి మనిషిని జత చేసుకుని అమ్మడు కొండల సైకిలు పందేనికి వెళ్ళవలసి వచ్చింది.

అమ్మడంటే ఆ మేనకోడలే. ఇరవై ఏళ్ళది. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లికి జబ్బు చేసి చదువు ఆగిపోయింది. ఆసుపత్రి ల్యాబులో గాజు గొట్టాలు కడుగుతుంది. మాట్లాడడం తక్కువ, చూడడం ఎక్కువ. కొండల మీద నాలుగు చిన్న ఆసుపత్రులున్నాయి. వాటికి రోడ్డు లేదు. అక్కడి రోగుల రక్తం సీసాలను ఐసుపెట్టెలో పెట్టుకుని సైకిలు మీద కిందికి తెచ్చే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అమ్మడు నాలుగు రోజులు ఆలోచించి, ఐదో రోజు ధైర్యం కూడగట్టుకుని పెద్ద డాక్టరమ్మ గది ముందు నిలబడింది.

"పదో తరగతి కాగితం ఉందా?" అంది డాక్టరమ్మ.

అమ్మడు తల అడ్డంగా ఊపింది.

"అయితే కొండల పందెం పూర్తిచేసిన కార్డు పట్రా. దాని మీద నాలుగు ముద్రలూ ఉంటే ఇంకే కాగితమూ అక్కర్లేదు. పందెం ఆదివారం. నాకు సోమవారం కావాలి."

పందెం నూట ఇరవై కిలోమీటర్లు. రోడ్డు కాదు. రాళ్ళు, బురద, వాగులు. పొద్దున్న ఐదున్నరకు మొదలైతే సాయంత్రం ఆరున్నరకు ఆఖరి గేటు మూసేస్తారు. దారిలో ఉన్న రెండు గేట్లకూ వాటి గడువులు వాటికున్నాయి. కొండల్లో ఎవరూ ఒంటరిగా చిక్కుకోకూడదని జతగానే రానిస్తారు. బయలుదేరేటప్పుడు ఒక ముద్ర, తర్వాత ఒక్కో గేటు దగ్గర ఒక్కోటి, ఇద్దరూ కలిసి కనిపిస్తేనే. ఒకరు ఆగిపోతే రెండోవాళ్ళ కార్డూ చెల్లదు. అమ్మడితో వస్తానన్న నర్సు నాలుగు రోజుల ముందు బాత్రూములో జారి చీలమండ విరగ్గొట్టుకుంది. ఇంకెవరూ దొరకలేదు.

"నేనొస్తాలేవే" అన్నాడు మావయ్య.

అమ్మడి తల్లి నెత్తి కొట్టుకుంది. "తమ్ముడూ, నువ్వొస్తే అది వచ్చే ఏడాదికి చేరుతుందిరా!"

"చేరుతుందిగా" అన్నాడు మావయ్య.

ఆదివారం తెల్లవారేసరికి వాన మొదలై మూడో రోజు. గాలికి గొడుగులు వెనక్కి తిరిగిపోతున్నాయి. పందెం పెద్ద రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆయన విజిలు నోట్లోంచి తీయకుండానే మాట్లాడతాడు. ప్రతి మాటకీ చివర ఒక కూత. "జతలు జతలుగా నిలబడండి, కుయ్! కార్డులు తడవనివ్వకండి, కుయ్!" పక్కన బేకరీ అన్నదమ్ములు ఒకేలాంటి పసుప్పచ్చ రెయిన్‌కోట్లు వేసుకుని, మావయ్యను చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు.

"బాబాయ్, పొరపాటున వచ్చినట్టున్నావ్. ఇది సైకిలు తొక్కే పందెం. తోసేది కాదు!" అన్నాడు అన్న.

"వెనకాలే వస్తాం నాయనా. మీరు పడితే లేపడానికి ఎవరో ఒకరు ఉండాలిగా" అన్నాడు మావయ్య.

అమ్మడు తండ్రి వాచీ పెట్టుకుని వచ్చింది. వదులైతే రబ్బరు బ్యాండు వేసి బిగించింది. ఆ రోజంతా ఆ పిల్ల దారి కంటే వాచీనే ఎక్కువ చూసింది.

మొదటి కిలోమీటరులోనే మావయ్య మూడుసార్లు దిగాడు. ఒకటి మడుగు, ఒకటి పడిపోయిన కొమ్మ. మూడోది ఏమిటో అమ్మడికి అర్థం కాలేదు. ఉత్త వంపు. జతలన్నీ బురద చిమ్ముకుంటూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి.

మావయ్య అలవాటుకు ఒక తోక ఉంది. సైకిలు మీద ఉన్నంతసేపూ లిఫ్టు కథలు చెబుతూనే ఉంటాడు. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే వెనక్కి తిరిగి, "వింటున్నావా?" అంటాడు. ఊఁ కొట్టడానికి అమ్మడిని మించిన మనిషి దొరకదు. ఆ పిల్లకు వచ్చిన మాటల్లో సగం అదే.

"ఒక హోటల్లో మూడో అంతస్తుకి పియానో ఎక్కిస్తున్నారే."

"ఊఁ."

"అది సగం లిఫ్టులో, సగం బయట. ఇరుక్కుపోయింది."

"ఊఁ."

"లోపల పియానో వాయించేవాడు కూడా ఉన్నాడు. వాడికి ఏడుపొక్కటే తక్కువ."

ముందు వాగు కనిపించింది. ఎర్రటి నీళ్ళు, రాళ్ళను ఒరుసుకుంటూ, మోకాలి లోతున పారుతున్నాయి. అమ్మడు గుటక మింగింది.

మావయ్య దిగాడు. "అనుమానంగా ఉంది."

మొదటి గేటుకు చేరేసరికి అమ్మడి లెక్కలో ఇరవై మూడు దిగుళ్ళు. గేటు మూయడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. ముద్ర వేసే మనిషి, "ఇంకా ఎవరైనా ఉన్నారా వెనక?" అని అడిగాడు. లేరు. వీళ్ళే ఆఖరు.

రెండో గేటు దారిలో గాలి ఎదురు తిరిగింది. వాన కాస్తా వడగళ్ళయింది. శిరస్త్రాణాల మీద టపటపా, ఎవరో గులకరాళ్ళు గుప్పిళ్ళతో విసిరినట్టు. వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు ఎక్కడుందో తెలియడం లేదు. మావయ్య మాత్రం దిగుతూనే ఉన్నాడు. ఒక వంపు. ఒక రాళ్ళ గుట్ట. ఇంకో వాగు. దిగినప్పుడల్లా రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. అమ్మడు మళ్ళీ వాచీ చూసింది. సోమవారం డాక్టరమ్మ గది, ఖాళీ చేతులు, మళ్ళీ గాజు గొట్టాలు. ఆ గొట్టాలు ఆ పిల్ల కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి.

ముప్పై ఒకటో దిగుడు దగ్గర అమ్మడు నోరు తెరిచింది.

"మావయ్యా, ఇంక దిగొద్దు. ఇరవై రెండు నిమిషాలే ఉంది. దిగావంటే నా పని అయిపోయినట్టే."

పుట్టాక ఆ పిల్ల ఆయనతో ఒక్క గుక్కలో అన్ని మాటలు చెప్పడం అదే మొదలు. మావయ్య ఆశ్చర్యపోయి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"సరేనే. దిగను. నువ్వు ఊఁ కొడుతూ ఉండు, చాలు."

మలుపు తిరిగేసరికి బండ వచ్చింది. ఏనుగు వీపంత నున్నటి నల్లరాయి, తడిసి నిగనిగలాడుతూ, కిందికి మూడు వందల గజాలు. అంచుల్లో వడగళ్ళు పోగుపడ్డాయి. అమ్మడు బ్రేకు నొక్కేసింది.

"పియానో దగ్గరున్నాం కదా. వింటున్నావా?" అన్నాడు మావయ్య ముందు నుంచి.

అమ్మడు వాచీ చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, శక్తంతా కూడదీసుకుని, "ఊఁ!" అంది.

మావయ్య వెళ్ళిపోయాడు.

వెళ్ళడమంటే అలా ఇలా కాదు. పెడళ్ళ మీద లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు కొంచెం వంచాడు. బ్రేకు మీద వేలైనా పెట్టలేదు. యాభై నాలుగేళ్ళ మనిషి, బొజ్జ, కళ్ళద్దాలు, లిఫ్టు స్పానర్ల సంచీ, అన్నీ కలిసి గాలిపటంలా జారిపోయాయి. మధ్యలో బండ చీలిక వస్తే దాన్ని గడప దాటినంత తేలిగ్గా దాటేశాడు. కింద బురదలో అర చక్రం తిరిగి ఆగాడు.

అమ్మడు నోరు తెరుచుకుని పైనే ఉండిపోయింది. ముందు చక్రం అంచు దాటితే ఒట్టు. కాళ్ళు రాయికి అతుక్కుపోయాయి.

మావయ్య తలెత్తి చూశాడు. ఒక్క క్షణం. తర్వాత సైకిలు పక్కన పడేసి, బండ అడుగున ఉన్న ఒక రాయి దగ్గరికి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, మెడ ముందుకు చాచాడు.

"అమ్మడూ! ఇక్కడో రాయి మహా అనుమానంగా ఉందే! నువ్వు దిగి, పక్కనున్న గడ్డి మీంచి నడిపించుకురా. నేను దీని సంగతి చూస్తూ ఉంటా!"

అమ్మడు దిగింది. గడ్డి పట్టుకుని, సైకిలుని ఈడ్చుకుంటూ కిందికి వచ్చింది. రాయిని చూసింది. దాని మీద టైరు గుర్తు బురద బురదగా ఉంది.

"నువ్వు దీని మీంచేగా వచ్చావ్ మావయ్యా?"

"అవును."

"మరి అనుమానం?"

"నేను వచ్చినప్పుడు దానికి లేదు" అని, మావయ్య హడావిడిగా సైకిలు ఎక్కేశాడు.

అమ్మడు వెనకాలే తొక్కింది. మొదటి కిలోమీటరులోని ఆ ఉత్త వంపు గుర్తొచ్చింది. చిన్నప్పుడు అలాంటి వంపులోనే తను పడింది. ఆ వంపు చూడగానే ఊఁ కొట్టడం మరిచిపోయింది. వాగు దగ్గర గుటక మింగింది, ఊఁ కొట్టలేదు. ఇరవై మూడు, ముప్పై ఒకటి అని తను లెక్కపెట్టినవి మావయ్య దిగుళ్ళు కావు. తన భయాలు. ఏడో అంతస్తు ముసలావిడ గుర్తొచ్చింది. ఆవిడ లిఫ్టు ముందు నిలబడి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, ఎవరితోనూ ఏమీ అనలేక, ఎవరైనా ఏదైనా అంటే బాగుండునని చూస్తూ ఉంది. మావయ్య ఒంటరిగా సైకిలు తొక్కడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూసేవాళ్ళుంటే ఆయన ఒంటరి కాడు కదా.

రెండో గేటు. ఇంకా ఒక్క నిమిషం. ముద్ర పడింది.

మూడోది ఆఖరి దారి. వడగళ్ళు ఆగాయి గానీ అసలు శత్రువు అప్పుడే వచ్చింది. బంకమట్టి ఎక్కుడు. చక్రానికి పట్టుకుంటే వదలదు. పట్టుకున్నదాని మీద ఇంకా పట్టుకుంటుంది. సైకిలు తూకం రెట్టింపైంది. ఆ ఎక్కుడులో కూడా మావయ్య పియానో వదల్లేదు.

"అప్పుడు హోటలు మేనేజరు ఏమన్నాడంటే..."

"ఊఁ."

"పియానో కోసేయండి అన్నాడు. వాయించేవాడు దాన్ని కావిలించుకుని... అప్పుడు వాచ్‌మన్ వచ్చి..."

"ఊఁ."

చప్పుడు లేదు.

"వాచ్‌మన్ వచ్చి?" అంది అమ్మడు.

 అమ్మడు పక్కకు వచ్చి చూసింది. మావయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. మోకాళ్ళు వణుకుతున్నాయి. పళ్ళు బిగబట్టి, చూపు చక్రం మీద పెట్టి, పెడలు మీద పెడలు నెడుతున్నాడు. ఆగుదామని ఆయన అనడు. ఈ పిల్ల ఉద్యోగం తన మోకాళ్ళ మీద ఉందని ఆయనకు తెలుసు.

వాచీ ప్రకారం గేటు మూయడానికి ఇంకా యాభై నిమిషాలుంది. అమ్మడు వాచీ మీదికి చొక్కా చేతిని లాగి కప్పేసింది. బ్రేకు వేసి దిగింది.

"మావయ్యా, అనుమానంగా ఉంది."

"ఎక్కడే?"

"ఇదిగో. ఈ మట్టి."

"మట్టిలో ఏముంటుందే?"

"పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది? దిగు."

మావయ్య దిగాడు. దిగి ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశాడు. అమ్మడు చూపు తిప్పుకుని, సంచీలోంచి బిస్కట్ల పొట్లం తీసి, నాలుగు ఆయన చేతిలో పెట్టింది. ఆయన నములుతూ, నడుం మీద చేతులు పెట్టుకుని, మట్టిని పరీక్షగా చూశాడు.

"నిజమేనే. మహా అనుమానంగా ఉంది."

ఇద్దరూ సైకిళ్ళు భుజాన వేసుకుని, పక్కనున్న రాళ్ళ మీంచి నడిచారు. విచిత్రమేమిటంటే, ఆ ఎక్కుడులో తొక్కేవాళ్ళ కంటే నడిచేవాళ్ళకే త్వరగా సాగింది. పైన ఒక చోట పసుప్పచ్చ రెయిన్‌కోట్లు రెండు, అటొకటి ఇటొకటి, వీపులు తిప్పుకుని కూచున్నాయి. మధ్యలో రెండు సైకిళ్ళు, చక్రాలు కనిపించనంత మట్టి.

"తొక్కమన్నది నువ్వే" అంటున్నాడు తమ్ముడు.

"పిండి పిసికే చేతులకి హ్యాండిలు ఏం తెలుస్తుంది!" అంటున్నాడు అన్న.

"పడితే లేపుతానన్నాగా" అని మావయ్య లిఫ్టు స్పానరుతో మట్టి గీకి వాళ్ళ చక్రాలు వదిలించాడు. దానికి ఆరు నిమిషాలు పట్టింది. అమ్మడు వాచీ చూడకూడదనుకుని చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదనుకుంది.

శిఖరం మీంచి కిందికి దారి బాగుంది. "వింటున్నావా?" అన్నాడు మావయ్య. "ఊఁ" అంది అమ్మడు. ఈసారి అబద్ధం కాదు. ఇద్దరూ దూసుకుపోయారు. వెనకాల పసుప్పచ్చ కోట్లు. దూరంగా గేటు, దాని పక్కన గంట కొట్టే పళ్ళెం, డ్రిల్లు మాస్టారు. విజిలు ఆగకుండా కూస్తోంది. "మూడు నిమిషాలు, కుయ్! మూడే, కుయ్!"

గేటుకు ముప్పై అడుగుల ముందు ఒక కాలువ. దాని మీద రెండు తడి పలకలు. కింద నీళ్ళు ఉరకలు వేస్తున్నాయి.

మావయ్య దిగాడు.

"అనుమానంగా ఉంది."

"మావయ్యా!" అమ్మడు దాదాపు ఏడ్చేసింది. "నాకు భయం లేదు! ఒట్టు! ఊఁ! ఊఁ! వినపడిందా? ఊఁ!"

"నీకుందని ఎవరన్నారే?" అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. "వెనక్కి చూడు."

అమ్మడు చూసింది. పెద్ద నోటి బేకరీ అన్న పలకల ముందు ఆగిపోయి ఉన్నాడు. ముఖం మైదాపిండి రంగులో ఉంది. తమ్ముడి ముందు ఏమీ అనలేక, హ్యాండిలు పిసుకుతున్నాడు.

అమ్మడు ఒక్కసారి గేటును చూసింది. సైకిలు దిగింది.

"అవునన్నా" అంది, అటు తిరిగి, బొత్తిగా అలవాటు లేని పెద్ద గొంతుతో. "పలకలు అనుమానంగా ఉన్నాయి. అందరం నడిచే పోదాం."

నలుగురూ నడిచారు. సైకిళ్ళు తోసుకుంటూ, ఒకరి వెనక ఒకరు, బడిపిల్లల్లా. గేటు దాటేసరికి డ్రిల్లు మాస్టారి నోట్లోంచి విజిలు జారి మెడలో తాడుకు వేలాడింది.

"నలభై సెకన్లు మిగిలాయి" అన్నాడాయన, ఆ రోజు మొదటిసారి కూత లేకుండా. "ఇదేం నడకయ్యా బాబూ, నా గుండె ఆగిపోయింది."

నాలుగో ముద్ర పడింది. కాస్త వంకరగా పడింది గానీ సోమవారం డాక్టరమ్మ అభ్యంతరం చెప్పలేదు.

మరుసటి ఆదివారం అమ్మడు కొత్త ఐసుపెట్టెను సైకిలుకు కట్టుకుని కొండ మీంచి దిగి వస్తూంటే, మార్కెట్టు దారిలో మావయ్య, వెనక అత్త కలిశారు. అత్త నోరు ఆగకుండా పనిచేస్తోంది.

"నూట ఇరవై కిలోమీటర్లు తొక్కొచ్చాడట! మార్కెట్టుకి మాత్రం నడకే! చూడవే అమ్మడూ, నువ్వైనా చెప్పు మీ మావయ్యకి. ఇవాళ ఒక్కసారి దిగాడంటే చూడు, ఈ మనిషితో మళ్ళీ..."

మార్కెట్టు ముందు వాలు వచ్చింది. నిటారుగా, తడిగా. అత్త మాట సగంలో ఆగిపోయింది. చెయ్యి మావయ్య చొక్కాను పట్టుకుంది.

మావయ్య కాలు నేలకు ఆనించబోయాడు. అంతలో అమ్మడు దిగేసింది.

"మావయ్యా, అనుమానంగా ఉంది."

"నువ్వు కూడానా!" అంది అత్త. "మీ వంశమే అంత. పదండి, ఏం చేస్తాం, నడుద్దాం." అప్పటికే ఆవిడ దిగి నాలుగడుగులు ముందుకు నడిచేసింది.

"అన్నట్టు, ఆ పియానో ఏమైంది మావయ్యా?" అంది అమ్మడు.

"పియానోనా?" మావయ్య నవ్వాడు. "వాయించేవాడి ముఖం చూశాక ఏం చేస్తామే? మెట్ల మీంచి నడిపించుకుపోయాం."

"ఊఁ" అంది అమ్మడు.